అత్తమ్మ వాటా ఎండ

నమోదు 1
వాతావరణం: లేదు.

బాయి మూతి దగ్గర వాతావరణం చూసే ఉద్యోగం నాకు వచ్చింది. చేరేదాకా అప్పుడప్పుడూ ఒక నమోదు రాసి అలవాటు చేసుకోమన్నారు. మొదటి వరసలో వాతావరణం, తర్వాత గమనించిన విశేషాలు. పద్ధతి అదట.

నేను పుట్టి పెరిగిన మూడో మట్టం ఒకప్పటి బొగ్గుబాయిలో ఒక అంతస్తు. పైన బతకలేని రోజుల్లో మా పెద్దలు దిగి ఇక్కడే ఉండిపోయారు. నెత్తిమీద రాయి, కాళ్లకింద రాయి. ఫ్యాను వేస్తే గాలి వస్తుంది, ఆపితే పోతుంది. దీపాలు తెల్లబడితే పొద్దున, ఎర్రబడితే సాయంత్రం. దీంట్లో వాతావరణం ఎక్కడ వెతకను? నా పేరు తొలకరి. వాన మొహం ఎరగను. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల పేరు నీరెండ. మా తరానికి అన్నీ చూడనివాటి పేర్లే పెట్టారు.

కాబట్టి అత్తమ్మ గురించి రాస్తాను. మా ఇంట్లో గాలి మారేది ఆమె వల్లనే.

కొమురవ్వ మా నాన్నకు అక్క. అమ్మానాన్న ఐదో బాయిలో పంపుల పనిలో ఉంటే నన్ను పెంచింది ఆమే. ఆమె పని జాలీలు కడగడం. ప్రతి ఇంటి గోడకూ గాలి వచ్చే కంత ఉంటుంది, దానికి గుడ్డ జాలీ ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోతే ఇంట్లో ఊపిరాడదు. అత్తమ్మ నిచ్చెన భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి జాలీ విప్పి, దులిపి, కడిగి, మళ్లీ బిగిస్తుంది. విప్పేటప్పుడు ఇంట్లో అలకలు తెలుసుకుంటుంది, బిగించేలోపు సగం తీర్చేస్తుంది.

ఇవాళ పక్కింటి రమణక్క వచ్చింది. గడప దాటకముందే అత్తమ్మ గూట్లోంచి ఇత్తడి గిన్నె తీసింది.

"ఎండ తీస్కో రమణా."

"ఇప్పుడే ఇంట్ల తీస్కున్న అవ్వా."

"మీ ఇంటిది మీ ఇంటిదే. మా ఇంటిది మా ఇంటిదే. నోరు తెరువు."

రమణక్క నవ్వి గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

దాన్ని మేము గోలీ అనం, ఎండ అంటాం. ఎండ లేని చోట ఎముకలు గట్టిగా ఉండాలంటే అది మింగాలి. బాయిలోకి దిగిన మొదటి ఏళ్లలో అవి దొరికేవి కావట. ఎవరైనా ఇంటికొస్తే తమ వాటాలోంచి ఒకటి తీసి పెట్టడమే పెద్ద మర్యాద. ఇప్పుడు కొత్త కార్ఖానా తెరిచాక శెనగల్లా దొరుకుతున్నాయి. మర్యాద మాత్రం అలాగే ఉంది. కాదంటే ఆ ఇంటి మొహాన ఉమ్మినట్టే లెక్క.

నమోదు 4
వాతావరణం: ఇంట్లో కొంచెం మబ్బు.

అత్తమ్మకు ఒంట్లో బాగాలేదు. బాగాలేదని ఒప్పుకోదు.

కుండెడు నీళ్లు ఒక్కతే తాగేస్తోంది. మాటిమాటికీ లేచి ఒంటేలుకు వెళ్తోంది. పుట్టగొడుగుల కూర వండితే రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టింది. నా వంట మీద అలిగిందేమో అనుకున్నాను. అలిగితే చెబుతుంది, తిడుతుంది, ఊరుకోదు. ఇది అలక కాదు.

"కాళ్లు గుంజుతున్నయా అత్తమ్మా?"

"నిచ్చెన ఎక్కేటోళ్ల కాళ్లు గుంజక, కూసోనేటోళ్లవి గుంజుతయా? నీ కాలేజీల గిదే జెప్పిన్రా?"

నేను ఆహారశాస్త్రం చదివాను. నీరసం, కాళ్ల నొప్పులు, ఆ వయసు. ఇంకేముంది, ఎముకలకు బలం తగ్గిందని తేల్చేశాను. ఒకచోట కుదురుగా కూర్చుని ఆలోచించే గుణం నాకు లేదు. చెప్పులేసుకుని ఓదెలు మామ కొట్టుకు పోయాను.

ఓదెలు మామ కొట్టు చూస్తే ఆరోగ్యవంతులకు కూడా ఏదో ఒక జబ్బు గుర్తొస్తుంది. నరాలకు ఒకటి, జుట్టుకు ఒకటి, జ్ఞాపకానికి ఒకటి. పెద్ద సీసా మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. గుర్రాన్ని కూడా మేమెవ్వరం చూడలేదు.

"మామా, దీంట్ల ఏమేమున్నయ్?"

"బలం ఉంటది బిడ్డా."

"బలం కాదు మామా. కాల్షియం ఎంతుంది, వేరేవి ఎంతున్నయ్?"

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి సీసా తిప్పి తిప్పి చూశాడు. "శానా ఉన్నయంట. గీడ రాసిండ్రు, అన్నీ శానా అని. మీ అత్తకే గదా? రెండు రకాలు తీస్కపో. మంచిదే గదా, ఎక్కువైతె ఏమైతది?"

నాలుగేళ్లు చదివిన నేను ఆ మాట విని తల ఊపి, కాల్షియం గోలీలూ గుర్రం పొడీ రెండూ తెచ్చాను.

మా గోడకున్న మందుల పెట్టె ఊరుకోలేదు. అది ఎవరి వాటా వాళ్లకు లెక్కగా ఇచ్చే మిషను. వేలు పెడితే గోలీ రాలుస్తుంది, మాట్లాడుతుంది కూడా. "కొమురవ్వ గారూ, ఈరోజు మీ పోషకాలు సంపూర్ణం. ధన్యవాదాలు."

"గారు అంటది సూడు," అంది అత్తమ్మ మురిసిపోతూ. "నా పెనిమిటి బతికినన్ని రోజులు ఒక్కసారన్న అనకపాయె."

పెట్టె సంపూర్ణం అంటోంది. అయినా నేను పైనుంచి ఇంకొంచెం పెట్టాను. అత్తమ్మ గుర్రం పొడిలో నాచురొట్టె అద్దుకుని తిని, "నీళ్లియ్యి బిడ్డా," అంది.

నమోదు 7
వాతావరణం: మబ్బు దట్టం.

పొడి పని చేయలేదు. అత్తమ్మకు వాంతులు పట్టుకున్నాయి. కడుపు కదలడం లేదని రమణక్కతో చెప్పిందట, నాతో చెప్పడానికి సిగ్గు. నిన్న నన్ను "తమ్మీ" అని పిలిచింది. మా నాన్నను అలా పిలుస్తుంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నేనెవరో ఒక్క క్షణం వెతుక్కున్నట్టు చూసింది.

చెయ్యి పట్టుకుని దవాఖానకు తీసుకెళ్లాను. షహనాజ్ డాక్టరమ్మ మా మట్టంలో సగం మందికి పురుడు పోసింది, నాతో సహా. మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచింది.

"అరె కొమురవ్వా! రా రా. ముందు కూసో, ఎండ తీస్కో."

"నీ చేతి ఎండ కంటె మందేముంటది డాక్టరమ్మా," అంటూ అత్తమ్మ గిన్నెలోంచి ఎర్ర గోలీ తీసి మింగింది. డాక్టరమ్మ నాకూ గిన్నె చాపింది. నేనూ మింగాను. అప్పుడు ఆమె కాగితం ముందుకు లాక్కుంది.

"ఇప్పుడు చెప్పు. ఏమన్న గోలీలు వాడుతున్నవా?"

"మా గోడ పెట్టె ఇచ్చేదే. ఇంకేం లేదమ్మా."

"పెట్టె లెక్క సరిగ్గనే ఉంది," అంది ఆమె తెర మీద చూసి. "వయసు బేటా. పనేమో తగ్గియ్యది. నెత్తురు తీస్కుంట, ఐదో బాయికి పంపి చూపిస్త. రిపోర్టు వచ్చేదాకా విశ్రాంతి."

కొన్న కాల్షియం, గుర్రం పొడి సంగతి నేను చెప్పలేదు. అవి మందులని నాకు తోచలేదు. తిండిలోకి కొంచెం బలం, అంతే అనుకున్నాను.

తలుపు దాటగానే అత్తమ్మ అంది, "విశ్రాంతట. రేపు నాలుగో వరస జాలీలు కడగాలె. నేను పోకుంటె పిల్లలు దుమ్ము మింగుతరు."

"నేను పోత."

"నువ్వా? నిచ్చెన ఎక్కితె కిందికి దిగుడు గుర్తుంటదా నీకు?"

నమోదు 9
వాతావరణం: ఉరిమింది. లోపల, నాకే.

ఇవాళ అత్తమ్మ బదులు నేను తిరిగాను. ఈ నమోదు వివరంగా రాస్తాను.

మొదటి ఇంట్లో నిచ్చెన దించకముందే గిన్నె వచ్చింది. "కొమురవ్వ మేనకోడలివి! ఎండ తీస్కో." మింగాను. జాలీ కడిగాను. రెండో ఇంట్లో గిన్నె. మింగాను. మూడో ఇంట్లో ముసలాయన తెల్ల గోలీ పక్కకు నెట్టి ఎర్రది ఏరి ఇచ్చాడు. "మీ అత్తకు మేము ఎప్పుడు ఎర్రదే పెడ్తం. మా ఇంటికి గాలి తెచ్చే మనిషి గద."

ఎర్రది వారానికి ఒకటి మింగాల్సింది. తెల్లదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కార్ఖానా కొత్తగా తెచ్చింది. గొప్పగా కనిపిస్తుందని అందరూ చుట్టాలకు అదే పెడుతున్నారు.

నాలుగో ఇంట్లో నాకు విసుగు పుట్టింది. నోట్లో వేసుకున్నట్టు చేసి జేబులో జారవిడిచాను. చిన్నప్పటి నుంచీ నాకు ఈ విద్య వచ్చు. తర్వాతి ఇంట్లోనూ అంతే. ఒకామె పసిపిల్ల చేత ఇప్పించింది, ముద్దుగా. జేబులోకే. ఒకామె, "మీ అత్త ఉంటె రెండు తీసుకునేది, నువ్వు గీ వయసుల ఇంత నాజూకా?" అని ఎద్దేవా చేసింది. రెండూ జేబులోకే.

దీపాలు ఎర్రబడుతుండగా ఇంటికొచ్చి జేబు బల్ల మీద దులిపాను. గోలీలు దొర్లాయి. తెల్లవి, ఎర్రవి, ఒకటి రెండు పసుపువి. గుప్పెడు.

నేను వాటిని చూస్తూ నిలబడ్డాను. ఇది నా జేబు కాదు. ఇది అత్తమ్మ ఒక్కరోజు.

పెట్టెకు మా ఇంటి గోలీ ఒక్కటే తెలుసు. డాక్టరమ్మ గోలీలు వాడుతున్నావా అని అడిగింది, ఎండ ఎన్ని ఇళ్లలో తీసుకున్నావని అడగలేదు. అడగకముందే తానే ఒకటి పెట్టింది. అత్తమ్మా అబద్ధం చెప్పలేదు. మర్యాదను ఎవరు మందుల్లో లెక్కపెడతారు? మిగతా జనం ఎప్పుడో ఒకసారి ఒక ఇంటికి చుట్టపుచూపుగా వెళ్తారు, వాళ్లకేమీ కాదు. రోజంతా ఇల్లిల్లూ తిరిగే మనిషి మట్టం మొత్తానికి ఒక్కతే. అందరూ ప్రేమించే మనిషీ ఆమే. ఎంత ప్రేముంటే అన్ని ఎర్రవి.

ఆ పైన నేను తెచ్చిన కాల్షియం ఒకటి.

గోలీలన్నీ చున్నీలో మూటగట్టి, గుర్రం సీసా చంకన పెట్టుకుని దవాఖానకు పరుగెత్తాను.

డాక్టరమ్మ మూట విప్పి చూసింది. మెల్లగా లేచి తన బల్ల మీది ఎండ గిన్నె తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"పోయి తీస్కరా బేటా. ఇప్పుడే. నడిపియ్యకు, బండి మీద తీస్కరా."

నమోదు 10
వాతావరణం: గాలి ఆడటం లేదు.

ఐదో బాయి నుంచి రిపోర్టు వచ్చింది. నెత్తురులో కాల్షియం ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువ. ఎండ గోలీ మితిమీరితే తిన్నదాంట్లోని కాల్షియాన్ని ఒళ్లు అదుపు లేకుండా లాక్కుంటుంది. ఆ దాహం, ఆ వాంతులు, ఆ మతిమరుపు అన్నీ దానివే. కిడ్నీల మీద పడింది.

"పోతయా?" అని అడిగాను.

"జర ముందే పట్టుకున్నం. ఇంకొన్నాళ్లు గిట్లనే సాగితె పొయ్యేటివి." డాక్టరమ్మ సెలైను సీసా పైకి ఎత్తి కట్టింది. "ఎండ గోలీ మొత్తం బంద్. కాల్షియం బంద్. నీ గుర్రం గూడ బంద్. తినేది గూడ నేను చెప్పిందే. కని బేటా, ఇది నీళ్లల్ల కరిగి రేపు పొద్దుగాల బైటికి పొయ్యేది కాదు. ఒంట్ల కొవ్వుల దాసుకోని కూసుంటది. నెలలు పడ్తది. మళ్ల ఒక్క వారం ఇళ్లు తిరిగి మింగిందనుకో, ఈసారి నేనేం చెయ్యలేను."

తర్వాత తలవంచుకుని అంది, "రిపోర్టు రాకముందు నేనే అడగాల్సింది. పెట్టెను చూసిన, మనిషిని చూడలే."

బాయి మూతి కేంద్రానికి కబురు పెట్టాను, ఇప్పుడే చేరలేనని. జాగా ఉంచుతామన్నారు, కొన్నాళ్లే.

నమోదు 13
వాతావరణం: తుపాను. నా వల్లనే.

అత్తమ్మకు తెలివి తేటపడింది. నన్ను పేరుపెట్టి పిలిచింది, దుప్పటి మడత సరిగా లేదని తిట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. జరిగింది అంతా చెప్పాను. మొత్తం విని ఆమె అన్నది ఒక్కటే.

"అయితె ఇళ్లల్ల పెడ్తె వద్దనాల్నా?"

"అవును."

"నేననను."

"కిడ్నీలు పోతయ్ అత్తమ్మా!"

"పోనియ్యి. నీకేమెరుక." ఆమె గోడవైపు తిరిగింది. గోడతోనే చెప్పింది. "బాయిల దిగిన కొత్తల నాకు నడకొచ్చే ఈడు. కాళ్లు వంకర్లు పోయినయ్. ఎండ దొరుకుత లేదు. మా పక్క గుడిసెల రాజవ్వ ఉండె, సంకల పిల్లగాడు. తన వాటా రోజూ తెచ్చి నా నోట్ల పెట్టింది. తను మింగలే. ఎన్ని నెలలో. గా కాళ్లతోనే గదా ఇయ్యాల నిచ్చెన ఎక్కుతున్న. గసుంటి గిన్నెను ఎట్ల కాదంట?"

మాటలతో లాభం లేనప్పుడు నేను ఏదో ఒకటి చేస్తాను. పెద్ద అట్ట మీద బొమ్మలు గీశాను. కిడ్నీ, ఎముక, ఎర్ర గోలీ మీద అడ్డగీత. పట్టుకుని నాలుగో వరసలో ఇల్లిల్లూ తిరిగాను, కొమురవ్వకు ఎండ పెట్టొద్దని చెబుతూ.

ముసలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నేను ఎర్రది ఏరి ఏరి పెట్టిన గదనే!" ఒకామె, "పోనీ సగం పెడ్త," అని బేరమాడింది. ఇంకొకామె, "మా ఇంటిది సర్కారు ముద్ర ఉన్నది, మాదాంతోని ఏంగాదు, పక్కింటోళ్లదాంతోనే అయ్యుంటది," అంది. అది విన్న పక్కింటామె గడప దిగి వచ్చింది. ఇద్దరి మధ్యా అట్ట చినిగింది.

వరస చివరి ఇల్లు రాజవ్వది. ఇప్పుడు వంగి నడుస్తుంది గానీ చూపు సూదిలా ఉంటుంది. నా మాట పూర్తిగా విననేలేదు.

"నా ఇంటి ఎండ విషమంటున్నవా?"

"విషం కాదు రాజవ్వా, ఎక్కువైతె..."

"గా నోటికి ఎండ పెట్టింది నేను. గది మాట్లాడనేర్వకముందు పెట్టిన. ఇయ్యాల నువ్వొచ్చి అట్ట మీద గీతలు గీసి సూపిస్తవా?" తలుపు మూసుకుంది.

వార్త దవాఖానకు నాకన్నా ముందే చేరింది. అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు. నా చేతి నీళ్లు మాత్రం తాగింది, డాక్టరమ్మ ఎక్కువ తాగమంది కాబట్టి. అదీ నాకేసి చూడకుండా.

నమోదు 16
వాతావరణం: చిన్న వెలుగు.

శుక్రవారం. దవాఖాన ఆయా వార్డులో హారతి తిప్పింది. బాయిలో నిప్పు రగిలించకూడదు. ఎప్పుడు ఏ మూల నుంచి గ్యాసు వస్తుందో తెలియదు. అందుకే మా హారతి పళ్లెంలో కర్పూరం ఉండదు, చిన్న బల్బు ఉంటుంది. అరచేతులు చాపితే ఏమీ తగలదు. అయినా చాపుతాం, కళ్లకద్దుకుంటాం. ఎందుకని నేనెప్పుడూ ఆలోచించలేదు.

అత్తమ్మ కళ్లకద్దుకుంది. పళ్లెం ముందుకు పోయింది. ఆమె చేతులు మాత్రం కళ్ల దగ్గరే ఉండిపోయాయి.

"తొలీ."

నాతో మాట్లాడింది!

"ఆ అత్తమ్మా."

"దీంట్ల వేడి లేదు గద?"

"లేదు, ఎల్‌ఈడీ బల్బు."

"మా అమ్మ జెప్పేది, పైన ఉన్నప్పుడు హారతికి చెయ్యి కాలుతుండెనట. ఇప్పుడు కాలుత లేదు. మరి దేవుడు అలిగిండా?"

"అలగలేదనుకుంట."

"హారతిచ్చినోళ్లు, మంట మింగలేదేందే అని అడిగిన్రా?"

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. చదువుకున్నదాన్ని కదా. ఆమె దుప్పటి పక్కకు తోసి, "గా పూలచీర తెచ్చిపెట్టు. ఇంటికి పొయ్యే రోజు గదే కట్టుకుంట," అంది.

నమోదు 21
వాతావరణం: గాలి మొదలైంది.

అత్తమ్మను ఇంటికి పంపారు. పథ్యాలు చాంతాడంత. నిచ్చెన ఎక్కొద్దు, మళ్లీ మళ్లీ నెత్తురు చూపించాలి. ఎప్పటికైనా బాయి మూతి దగ్గరికి వెళ్లి ఎండలో కూర్చుంటానంటే అదీ కొన్ని నెలలు వద్దంది డాక్టరమ్మ.

"గోలీ ఎండ వద్దు, అసలు ఎండ గూడ వద్దా? ఏం పాపం జేసిన్నే నేను!"

ఇంటికి తీసుకెళ్తానంటే వినలేదు. పూలచీర కట్టుకుని, నా భుజం పట్టుకుని, నేరుగా రాజవ్వ ఇంటికే నడిపించింది. దారి పొడుగునా జనం తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. ఎవరికీ పిలవడానికి ధైర్యం లేదు. పిలిస్తే గిన్నె పెట్టాలి కదా.

రాజవ్వ తలుపు తీసింది. అత్తమ్మను పైనుంచి కిందికి చూసింది. చిక్కిపోయిన మొహం, చేతి మీద సూదుల మచ్చలు. లోపలికి వెళ్లింది. బయటికొచ్చేసరికి చేతిలో గిన్నె. అందులో ఒక్కటే గోలీ. తెల్లది. పాతకాలపుది.

"తీస్కో," అంది. ఆ గొంతులో మర్యాద లేదు, పరీక్ష ఉంది.

నా చెయ్యి దానంతట అదే ముందుకు లేచింది, గిన్నె లాక్కోవడానికి. అత్తమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో గోలీ తీసుకుంది. చూసింది. రెండు కళ్లకూ అద్దుకుంది, ముందు కుడి, తర్వాత ఎడమ. మళ్లీ గిన్నెలో పెట్టింది.

"ఎండ అందింది రాజవ్వా."

రాజవ్వ గిన్నెలోకి చూసింది. గోలీ ఉంది. గడప దగ్గర చేరిన వాళ్లూ చూశారు.

"మింగవా?"

"మింగితె సస్తనంట. నువ్వు పెట్టిందాంతోని సస్తె నీకు చెడ్డపేరు. నాకేమో నీ మీద పానం. ఏం జెయ్యాలె జెప్పు?"

రాజవ్వ గడప మీద కూర్చుండిపోయింది. మెల్లగా అత్తమ్మ మోకాళ్లు తడిమింది, ఒకటి తర్వాత ఒకటి, అవి ఇంకా తిన్నగానే ఉన్నాయా అని చూసుకుంటున్నట్టు.

"అప్పుడు నువ్వు బతకాల్నని పెట్టిన," అంది. "ఇప్పుడు గూడ గందుకే గదనే. వద్దంటె తీసేస్త, నాకేమొచ్చె." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మరి నా ఇంట్ల ఏం ముట్టవా? ఉత్తగ పోతవా?"

"నీళ్లియ్యి. రెండు చెంబులు తాగుత."

రాజవ్వ లేవబోయింది. లేవలేకపోయింది. ఈసారి నేను పరుగెత్తి నీళ్లు తెచ్చాను. నాకూ గిన్నె చాపింది, కోపంగానే. నా కోటా గోలీ పొద్దున్నే పెట్టె దగ్గర మింగేశాను. కళ్లకద్దుకున్నాను.

"దీనికి నేర్పియ్యనే అవసరం లేదు," అంది రాజవ్వ. "ముందుగాల్ల గూడ మింగకపొయ్యేది. జేబుల ఏసుకునేది. నాకెరుక లేదనుకున్నవా?"

నమోదు 27
వాతావరణం: నిలకడ.

మట్టమంతా కళ్లకద్దుకోవడం మొదలైంది. షహనాజ్ డాక్టరమ్మ బీరువా తాళం తీసి గిన్నె మళ్లీ బల్ల మీద పెట్టింది. ఆమె నుదుటికి ఆనించుకుంటుంది. ఒకే గోలీ నెలనుంచీ అందరి కళ్లకూ తిరుగుతోంది. అరిగిపోయాక మార్చాలేమో. ఏ మందులు వాడుతున్నారని అడగడం ఆమె ఇప్పుడు మానేసింది. "నిన్న లేచినకాన్నుంచి నోట్లకు ఏమేం పోయింది, అన్నీ చెప్పు," అంటుంది. జనం సిగ్గుపడుతూ గుర్రం పొడి దాకా ఒప్పుకుంటున్నారు.

ఓదెలు మామ నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. నిన్న ఒకామె మోకాళ్లకు రెండు సీసాలు అడిగితే, "ముందు నెత్తురు సూపిచ్చుకున్నవా? ఇంట్ల ఇంకేం మింగుతున్నవ్?" అన్నాడు. ఆమె, "కొట్టోడివి నీకెందుకయ్యా," అని కసురుకుంది. నన్ను చూసి మామ అన్నాడు, "సూసినవా? నీ వల్ల తిట్లు గూడ పడుతున్న."

అత్తమ్మ నెత్తురు రిపోర్టు ఇంకా మంచిగా లేదు. కిందికి దిగుతోంది మాత్రం. కిడ్నీలు నిలబడతాయి అంది డాక్టరమ్మ. అత్తమ్మ నిచ్చెన కింద కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, జాలీలు విప్పేది నేను. "ఎడమకు తిప్పు. ఎడమ అంటె గిటు. ఏ కాలేజీ నీది?"

మూతి నుంచి రెండోసారి కబురు వచ్చింది. ఇప్పుడు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. నేను కాగితం నా దిండు కింద దాచేశాను. అత్తమ్మ అక్కడ ఎప్పుడూ వెతుకుతుందని మరిచిపోయాను.

"పోవా?"

"నువ్వు మళ్లెవరింట్లనో మొహమాటపడి మింగితె?"

"రాజవ్వకాడనే మొహమాట పడలే. ఇంకెవరికి పడ్త? గా రమణకు నిచ్చెన పని నేర్పుత. నువ్వు పో. నువ్వు ఇంట్ల ఉంటె నాకు తల తిరిగినట్టయితది, ఒక్కకాడ కూసోవు."

మూతి దగ్గర, మొదటి నమోదు

లిఫ్టు దగ్గరికి అత్తమ్మ పూలచీరలో వచ్చింది. చేతిలో మా ఇత్తడి గిన్నె. ముందుకు చాపింది. చూస్తే ఖాళీ.

"ఇదేంది అత్తమ్మా, ఉత్త గిన్నె?"

"పైన శానా ఉంటదంట గద, ఇంక నేనేం పెట్టాలె?" గిన్నె నా చేతుల్లో పెట్టింది. "నీది నువ్వు తీస్కో. నాది గూడ ప్రస్తుతానికి నువ్వే తీస్కో. డాక్టరమ్మ సరే అన్ననాడు వచ్చి అడుగుత. ఒలకబొయ్యకు."

ఖాళీ గిన్నె కళ్లకద్దుకున్నాను. లిఫ్టు తలుపు మూసుకునేదాకా అత్తమ్మ రమణక్కతో నా దుప్పటి మడతల గురించి ఫిర్యాదు చేస్తూనే ఉంది. నా వైపు చూస్తే ఏడుస్తానని ఆమెకు తెలుసు.

పైన పెద్ద ఇనుప తలుపు. నాకు నల్లద్దాలు ఇచ్చారు, టోపీ ఇచ్చారు, ఎక్కువసేపు నిలబడొద్దన్నారు. ఇక్కడా మోతాదే. తలుపు తీశారు.

ఏం చూశానో తర్వాత రాస్తాను. ముందు చేసింది రాస్తాను. గిన్నె గట్టు మీద పెట్టి రెండు అరచేతులూ చాపాను. హారతికి చాపినట్టే. ఏమీ తగలదనే అలవాటుతో చాపాను.

వేడిగా తగిలింది.

కళ్లకద్దుకున్నాను. మళ్లీ చాపి ఇంకోసారి అద్దుకున్నాను, అది అత్తమ్మది. గిన్నె అడుగున కూడా కొంచెం పడి మెరుస్తోంది.

వాతావరణం: ఎండ.